హాలోవీన్‌కి కాలనీ పిల్లలు ఇంటింటికీ వెళ్తామంటున్నారు, ఏం చెప్పి పంపాలి?

నాగావళి_గట్టు అడిగారు:

నమస్తే అందరికీ. మేం రాయగడలో ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉంటాం, నా పుట్టిల్లు పార్వతీపురం పక్కన. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు. మా కాలనీలో సగం తెలుగువాళ్లం, మిగతా ఒడియావాళ్లు, ఓ ఏడెనిమిది బెంగాలీ ఇళ్లు. హాలోవీన్ అనే పేరు మా చిన్నప్పుడు వినను కూడా లేదు. బెంగళూరు నుంచి బదిలీ మీద వచ్చిన రెండు కుటుంబాల పిల్లలు మొదలుపెట్టారు, ఇప్పుడు అక్టోబరు 31 సాయంత్రం అయ్యేసరికి పిల్లలంతా వేషాలేసుకుని బుట్టలు పట్టుకుని తలుపు తలుపూ కొట్టి 'ట్రిక్ ఆర్ ట్రీట్' అని అరిచి చాక్లెట్లు తెచ్చుకుంటున్నారు.

పోయినేడు జరిగింది చెప్తాను, ఈ ప్రశ్న అందుకే. పోయినేడు, అంటే 2024లో, అదే రోజు దీపావళి కూడా పడింది కదా, ప్రతి గుమ్మం ముందూ ప్రమిదలు, వీధిలో చిచ్చుబుడ్లు, వాటి మధ్యలో నైలాన్ గౌన్లు, నేలకి జీరాడే నల్ల కోట్లు వేసుకున్న పిల్లలు. మా పాప మంత్రగత్తె వేషం వేసింది. వీపు మీద వేలాడే గుడ్డ అంచు ఒక ఇంటి మెట్ల మీద ప్రమిదకి తగిలి అంటుకుంది. పక్కింటాయన చూసి వెంటనే లాగి కాలితో తొక్కి ఆర్పేశారు కాబట్టి గుడ్డతో పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే నా చేతులు చల్లబడిపోతాయి.

రెండోది ఇంకో రకం బాధ. మా వరసలో చివరి ఇంట్లో ఒక ఒడియా పెద్దావిడ ఉంటారు, పిల్లలందరికీ ఆవిడ మావుసి, అంటే పిన్ని. అంతకు ముందేడు వాళ్లాయన, పిల్లల మౌసా, పోయారు. దీపావళి సాయంత్రం ఒడియావాళ్లు వాకిట్లో జనపకట్టెలు వెలిగించి పైకెత్తి పట్టుకుని, పోయిన పెద్దల్ని పిలుస్తారు, చీకట్లో వచ్చి వెలుగులో వెళ్లండి అని. ఆవిడ కొడుకుతో కలిసి అది చేస్తుండగా మన పిల్లల గుంపు పుర్రె మాస్కులతో, ఎముకల గూడు బొమ్మేసిన బట్టలతో వెళ్లి ఎదురుగా నిలబడి అరిచింది. ఆవిడ చేతిలో కట్టె కింద పెట్టేసి లోపలికెళ్లిపోయారట. మర్నాడు నేను వెళ్తే ఒక్క మాట అనలేదు, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. తిట్టినా బాగుండేది.

ఇంకా, పెద్దపిల్లలు గిన్నెలో ఉన్నవన్నీ ఒంపేసుకుని చిన్నవాళ్లకి మిగల్చలేదు. ఒకరింట్లో అరటిపండు ఇస్తే 'అంతేనా' అన్నారట. గేటు దగ్గర ఉండే సెక్యూరిటీ ఆయన పిల్లలిద్దరూ అంతసేపూ చూస్తూ నిలబడ్డారు, ఎవరూ రమ్మనలేదు. నేనూ అనలేదు.

ఈసారి 31 శుక్రవారం. మావారు వద్దనేయ్, గొడవ వదిలిపోతుంది అంటున్నారు. నాకు అలా అనాలని లేదు, ఫోన్లు వదిలేసి ముప్ఫైమంది పిల్లలు ఒకచోట తిరిగే సాయంత్రం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? కానీ పిల్లలకి దెబ్బ తగలకూడదు, వాళ్ల వల్ల ఇంకొకరి మనసుకీ తగలకూడదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వంశధార_ఇవతల:

చెల్లెమ్మా, నేను గుణుపురం. నా మాట నచ్చకపోవచ్చు కానీ చెప్తాను. మనకి నాగులచవితి ఉంది, భోగి ఉంది, ఒడియావాళ్లకి కార్తీక పున్నమి నాడు తెల్లవారుజామున పడవలు వదలడం ఉంది. ఇవన్నీ ఉండగా తెలియని పండగ ఎందుకు తెచ్చిపెట్టుకోవడం? అందులోనూ ఒడియావాళ్ల లెక్కలో కుమార పున్నమి (మన ఆశ్వయుజ పున్నమి) మర్నాటి నుంచే కార్తీకం, చాలా ఇళ్లలో నెలంతా నీచు ముట్టరు, ఆఖరి ఐదు రోజులు పంచుక అని మరీ నిష్ఠగా ఉంటారు, కొంగ కూడా ఆ ఐదు రోజులు చేప తినదని వాళ్ల మాట. సరిగ్గా ఆ పంచుక ముందు దయ్యాల వేషాలతో గుమ్మాలు ఎక్కడం నాకైతే సబబుగా లేదు.

పర్లాకిమిడి_పిల్ల:

అక్కా, మాది పర్లాకిమిడి, పెళ్లయ్యాక టెక్సస్ వచ్చి పద్నాలుగేళ్లు. ఇద్దరు పిల్లల్ని ప్రతి ఏడూ తీసుకెళ్తాను కాబట్టి ఇక్కడ ఎలా చేస్తారో చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

ముందు అన్నయ్యగారికి ఒక మాట. ఈ పండగ మూలం కూడా పోయినవాళ్ల జ్ఞాపకమే. నవంబరు 1, 2 తారీకులు క్రైస్తవుల్లో పుణ్యాత్ములవీ, చనిపోయినవాళ్లవీ రోజులు. పాతకాలం ఇంగ్లండులో పేదవాళ్లు, పిల్లలు ఇంటింటికీ వెళ్లి ఆ ఇంట్లో పోయినవాళ్ల కోసం ప్రార్థన చేస్తామని చెప్తే చిన్న రొట్టె లాంటిది పెట్టేవాళ్లు. స్కాట్లండులో అయితే పిల్లలు వేషం వేసుకుని వస్తే సరిపోదు, ఒక పాటో పద్యమో జోకో చెప్తేనే ఏదైనా చేతిలో పెడతారు. ఊరికే చెయ్యి చాచడం కాదన్నమాట. నాగావళి అక్కా, మీరు మావుసి గురించి రాసింది చదువుతుంటే నాకు ఇదే తట్టింది. ఆవిడ చేస్తున్నదీ ఈ పండగ పుట్టినదీ ఒకే భావం నుంచి, మధ్యలో పిల్లలకి ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు అంతే.

ఆ 'ట్రిక్' మాట గురించి కూడా చెప్పండి పిల్లలకి. అమెరికాలో, కెనడాలో 1920లు, 30ల్లో ఆ రాత్రి కుర్రాళ్లు గేట్లు పీకేయడం, కిటికీలు పాడుచేయడం లాంటివి చేస్తుంటే, విసిగిపోయిన ఊళ్లవాళ్లు తిండీ పార్టీలూ పెట్టి వాళ్లని దారికి తెచ్చారు. ఇవ్వకపోతే అల్లరి చేస్తాం అనే బెదిరింపు అప్పటిది. మీ కాలనీలో ఆ మాట అవసరమే లేదు, నమస్తే అత్తా, నమస్కార్ మావుసి అని మొదలుపెట్టినా చాక్లెట్ వస్తుంది.

ఇక్కడ అందరూ పాటించే నియమం ఒకటుంది. వరండా లైటు వెలుగుతున్న ఇంటికే వెళ్లాలి, లైటు ఆర్పి ఉంటే వాళ్లకి ఇష్టం లేదనో, ఒంట్లో బాగాలేదనో అర్థం, ఎందుకని అడక్కుండా దాటి వెళ్లిపోవాలి. మన దగ్గర లైట్లు ఎలాగూ వెలుగుతూనే ఉంటాయి కాబట్టి ఇష్టమున్న వాళ్లు గేటుకి ఒక పసుపు రిబ్బనో మామిడి కొమ్మో కట్టాలని ముందే వాట్సాప్ గ్రూపులో పెట్టండి. అది లేని గేటు తాకకూడదు. పంచుక పాటించే ఇళ్ల సమస్య సగం దీంతోనే తీరుతుంది.

భయాల సంగతి. తెలియనివాళ్లు చాక్లెట్లలో విషం కలుపుతారని ఇక్కడ ప్రతి ఏడూ ప్రచారం. జోయెల్ బెస్ట్ అనే సోషియాలజీ ప్రొఫెసర్ 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ వెతికి, అలా తెలియనివాళ్లిచ్చింది తిని పిల్లలు చనిపోయినట్టు రుజువైన సంఘటన ఒక్కటీ దొరకలేదన్నారు. అసలు ప్రమాదం రోడ్డు. 1975 నుంచి 2016 దాకా 42 ఏళ్ల లెక్కలు తీస్తే, వారం ముందు, వారం తర్వాత అదే సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం ఇక్కడ నడిచివెళ్లేవాళ్లు బండ్లు గుద్ది చనిపోవడం 43 శాతం ఎక్కువ. చీకటి, నల్ల బట్టలు, ముఖానికి మాస్కు, ఒక ఇంటి నుంచి అవతలింటికి పరుగు. అందుకే మా పిల్లల వీపు మీద, బుట్ట మీద మెరిసే టేపు అంటిస్తాను, సైకిళ్ల షాపులో కూడా దొరుకుతుంది. చేతిలో టార్చి. మాస్కు బదులు ముఖానికి రంగు, అది కూడా ముందురోజు మోచేతి దగ్గర కొంచెం పూసి దురద రావడం లేదని చూసుకుని. ఒక వైపు ఇళ్లన్నీ అయ్యాకే రోడ్డు దాటాలి, అటూ ఇటూ దాటుతూ ఉండకూడదు.

బట్టలు చీలమండ పైకే ఉండాలి, వెనక వేలాడే గుడ్డ ఏదీ వద్దు, నూలు బట్ట మంచిది, నైలాన్ అంటుకుంటే కరిగి ఒంటికి పట్టేస్తుంది. ఒంటి మీద బట్ట అంటుకుంటే పరిగెత్తకూడదు, ఆగి, కిందపడి, దొర్లాలి. ఇది నోటితో చెప్తే సరిపోదక్కా, ఇంట్లో చాప వేసి నాలుగుసార్లు చేయించండి. మావాళ్లు బడిలో నేర్చుకున్నారు, ఆటలా చేస్తారు.

తిండి: ఇంటికొచ్చి పెద్దవాళ్లు చూశాక తినాలి, చింపి ఉన్నవీ తేదీ దాటినవీ తీసేయాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకి పల్లీలు, గట్టి బిళ్లలు, చూయింగ్ గమ్ ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడతాయి. మా చిన్నవాడికి జీడిపప్పు పడదు, అలాంటి పిల్లల కోసం ఇక్కడ 2014 నుంచి కొందరు గుమ్మడికాయకి నీలం కలిసిన ఆకుపచ్చ రంగు వేసి పెడతారు. ఆ ఇంట్లో చాక్లెట్ కాకుండా పెన్సిలో స్టిక్కరో ఇస్తారని గుర్తు. మొదటిసారి అలాంటి గుమ్మం ముందు వాడు అందరితో పాటు చెయ్యి చాపిన రోజు నాకు ఏడుపొచ్చింది.

నియమగిరి_నీడ:

ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు. మన జిల్లాలో వేషాలంటే ఎవరో ఒకరు పిల్లకి ముఖం మీద పచ్చబొట్టు గీతలు గీసి, తలనిండా క్లిప్పులు పెట్టి 'కోందు అమ్మాయి' అని పంపుతారు. దయచేసి వద్దు. బుధవారం చాటికోన సంతకి వచ్చే డొంగ్రియా కోందు గిరిజన ఆడవాళ్లు మన ఇరుగుపొరుగు, దయ్యాల పక్కన నిలబెట్టే వేషం కాదు వాళ్లు. వాళ్లు కుట్టే కపడాగండా శాలువకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతం సొత్తు అనే గుర్తింపు, వచ్చింది, ఆ సంగతి చెప్పండి పిల్లలకి. అడుక్కునేవాళ్ల వేషం, కుంటివాళ్ల వేషం కూడా అంతే. పులి, ఏనుగు, మామిడిపండు, పోస్ట్‌మన్, ఎన్ని లేవు!

వార్ధా_తీరం:

చెల్లీ, మేం బల్లార్పూర్‌లో ఉంటాం, చంద్రపూర్ జిల్లా, మంచిర్యాల వైపు నుంచి వచ్చిన కుటుంబం. మా దగ్గర దసరా సాయంత్రం పిల్లలు ఇంటింటికీ వెళ్తారు. మరాఠీవాళ్లు ఆప్టా ఆకు ఇచ్చి సోనం అంటారు, మనం జమ్మి ఇచ్చి బంగారం అంటాం. ఆకు పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకి దండం పెడితే వాళ్లు మిఠాయో పదో పరకో ఇస్తారు. ముందు ఇచ్చేది పిల్ల, తర్వాత తీసుకునేది పిల్ల. మీ పిల్లలు కూడా ఉత్త బుట్టతో వెళ్లకుండా ఏదో ఒకటి పట్టుకెళ్లేలా చూడండి, వాళ్లే చేసిన కాగితం పువ్వయినా సరే. చేతిలో ఇచ్చేది ఉన్న పిల్ల గుమ్మంలో నిలబడే తీరే మారిపోతుంది, నేను ఏటా చూస్తున్నాను.

మా కాలనీలో మేం పెట్టుకున్న కట్టుబాట్లు కొన్ని. పదేళ్ల లోపు పిల్లల గుంపుకి ముందొక పెద్దమనిషి, వెనకొక పెద్దమనిషి. వెనక ఉండేవాళ్లే ముఖ్యం, ఎవరు చెప్పు తెగి ఆగిపోయారో వాళ్లకే కనిపిస్తుంది. గడప దాటి లోపలికి వెళ్లకూడదు, ఎంత తెలిసినవాళ్లయినా, టీవీ చూపిస్తామన్నా, కుక్కపిల్ల ఉందన్నా. చాలామంది తెలియనివాళ్లతో జాగ్రత్త అని మాత్రమే నేర్పుతారు, అది చాలదు, పిల్లల్ని ఇబ్బంది పెట్టేవాళ్లు ఎక్కువసార్లు తెలిసినవాళ్లే. అందుకని మనిషిని బట్టి కాకుండా మాటని బట్టి నేర్పండి. 'ఈ సంగతి అమ్మకి చెప్పకు' అని ఎవరంటే వాళ్లు, మామయ్యైనా, మాస్టారైనా, ఆ మాట ఇంటికొచ్చి అమ్మకే మొదట చెప్పాలి. చెప్పినందుకు తిట్టం అని మనం కూడా మాటిచ్చి నిలబెట్టుకోవాలి.

ఆరేళ్ల బాబుకి మీ ఫోన్ నంబరు కంఠతా రావాలి, పాటలా పాడిస్తే రెండు రోజుల్లో వస్తుంది. పెద్దపాపకి 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 చెప్పండి. ఫొటోలు తీస్తే మీ పిల్లలవి మీరు పెట్టుకోండి, పక్కవాళ్ల పిల్లల ఫొటో అడక్కుండా గ్రూపుల్లో పెట్టొద్దు. వీధి కుక్కలు మాస్కు చూసి బెదిరి మీద పడతాయి, అది కూడా చూసుకోండి.

బరంపురం_మాస్టారు:

అమ్మా నాగావళి, నేను బరంపురంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ని. మీ ప్రశ్న చదివి నాకు మా దసరాలు కళ్ల ముందుకొచ్చాయి, కొంచెం పొడుగ్గా రాస్తే ఏమీ అనుకోవద్దు.

1960ల్లో మా ఊళ్లో నవరాత్రులొస్తే మా మాస్టారు బడిపిల్లలందరినీ వరసలో నిలబెట్టి ఇంటింటికీ తీసుకెళ్లేవారు. రంగు కాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు మా చేతుల్లో. వాకిట్లో నిలబడి దసరా పద్యాలు పాడేవాళ్లం, ఇంటివాళ్లు మాస్టారికి తోచింది ఇచ్చేవాళ్లు, మాకు పప్పుబెల్లాలు. అప్పట్లో చాలామంది పంతుళ్లకి ఆ దసరా మామూలే ఏడాదికి పెద్ద ఆసరా. అంటే పిల్లలు గుమ్మం ఎక్కి అడగడం మనకి కొత్త కాదమ్మా, గుణుపురం ఆయన నొచ్చుకోవద్దు. దానికో క్రమం ఉండేది అంతే.

నెల ముందు నుంచి పద్యాలు నేర్చుకోవాలి. తప్పు పాడితే ఇంటి ముసలాయన లోపలి నుంచే సరిచేసేవాడు. పప్పుబెల్లాలు ఎవరి జేబులో వాళ్లం వేసుకోవడానికి లేదు, అందరివీ ఒక మూటలో పడేవి, సాయంత్రం బడి అరుగు మీద మాస్టారు గుప్పెడు గుప్పెడు సమంగా పంచేవారు, జ్వరం వచ్చి రానివాడి వాటా వాడి ఇంటికి చేరేది. ఆ వాటా పట్టుకెళ్లే పని ఒకసారి నాకిచ్చారు, దారిలో రెండు పలుకులు తిన్నాను, వాడి ముఖం చూశాక ఆ వారమంతా నిద్ర పట్టలేదు. అరవై ఏళ్లయింది, ఇప్పటికీ మర్చిపోలేదు.

మీరు అదే చేయించండి. ఒకే మూట, ఒకే పంపకం. గిన్నె ఒంపేసుకునే గొడవ ఉండదు, గేటు దగ్గర పిల్లలిద్దరికీ సమానంగా వస్తుంది, అసలు వాళ్లని గేటు దగ్గర నిలబడనివ్వకండి, వరసలో ముందు నిలబెట్టండి. వేషం బట్టలు లేవని వెనకాడతారు, ఒక పాత దుప్పటీ, నాలుగు అట్టముక్కలు ఇస్తే పిల్లలే ఏనుగుని చేసుకుంటారు. ప్రతి పిల్లా ఒక పద్యం నేర్చుకోవాలి, తెలుగు పిల్లలు ఒడియా ఇంటి ముందు ఒడియాలో, ఒడియా పిల్లలు మన ఇంటి ముందు ఒక వేమన పద్యం. నేను బరంపురంలో చూసింది చెప్తున్నాను, పక్కవాళ్ల భాషలో నాలుగు ముక్కలు సరిగ్గా పలికిన పిల్లని ఆ ఇంటివాళ్లు జన్మలో మర్చిపోరు.

ఏది పెట్టినా రెండు చేతులతో తీసుకోవాలి. 'అంతేనా' అనే మాట పిల్లలు మన దగ్గరే నేర్చుకుంటారమ్మా, పెళ్లి భోజనం చేసొచ్చి దారిలో మనం మాట్లాడుకునే మాటల్లోంచి.

వంశధార_ఇవతల:

మాస్టారూ, దసరా పద్యాలు మా నాన్న కూడా చెప్పేవారు, మర్చేపోయాను. ఆ పద్ధతిలో అయితే నా అభ్యంతరం లేదు. పేరు ఏదైనా పెట్టుకోనివ్వండి. ఒక్కటి, ఇచ్చే ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క చూసి తీసుకోమనండి, మెత్తగా సాగే కొన్ని బిళ్లల్లో జెలటిన్ ఉంటుంది, కార్తీకం పాటించే ఇంటి పిల్ల తెలియక తింటే ఆ తల్లి బాధపడుతుంది.

నాగావళి_గట్టు:

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి మావారికి మొత్తం చదివి వినిపించాను, ఆయన మెరిసే టేపు తెస్తానన్నారు. వరస వెనక నడిచే పని కూడా ఆయనదే. గ్రూపులో రిబ్బను సంగతి పెడితే 34 ఇళ్లలో 21 ఇళ్లవాళ్లు ఊ అన్నారు, మిగతా వాళ్ల గేట్ల జోలికి వెళ్లం. ప్రమిదల ఇళ్లు ఈసారి తక్కువే అయినా, కార్తీక దీపాలు పెట్టేవాళ్లని మెట్ల మీద కాకుండా గట్టు మీదో తులసికోట దగ్గరో పెట్టమని అడిగాం. చాప మీద దొర్లడం మా బాబుకి ఎంత నచ్చిందంటే, అన్నం తినమన్నా దొర్లుతున్నాడు. సెక్యూరిటీ ఆయన పెద్దబ్బాయి పులి వేషం వేస్తానన్నాడు, పసుపు రంగు మా ఇంట్లో ఉంది.

మావుసి దగ్గరికి పాపని తీసుకుని సాయంత్రం వెళ్లాను. ముందు నేనే మాట్లాడదామనుకున్నాను, కానీ పాపే 'పోయినేడు మీరు మౌసాని పిలుస్తున్నారని మాకు తెలీదు మావుసీ' అంది. ఆవిడ చాలాసేపు దాని జడ సవరిస్తూ కూర్చున్నారు. తర్వాత, చిన్నప్పుడు తను నేర్చుకున్న ఒడియా పద్యం ఒకటి ఉంది, నేర్పిస్తాను రోజూ రమ్మన్నారు. రిబ్బను కట్టమంటారా అని అడిగితే పాప చేతిలోంచి తీసుకుని గేటుకి ఆవిడే కట్టారు. మురీ (మరమరాల) ఉండలు చేస్తారట, ఎంతమంది పిల్లలో లెక్క చెప్పమన్నారు. ఇరవై ఎనిమిది అని చెప్పి వచ్చేశాను. దారిలో పాప గుర్తుచేసింది, గేటు దగ్గర ఇద్దర్నీ కలిపితే ముప్ఫై అని. మళ్లీ వెనక్కి వెళ్లి చెప్పొచ్చాం.